నీటి మేడలో లేని నాలుగు నిమిషాలు

పాత సినిమాను మళ్ళీ తీయడమంటే దాన్ని పాడుచేయడమేనని లోకం నమ్మకం. ఆ తీర్పు చెప్పడానికి కొత్తదాన్ని చూడనక్కర్లేదని కూడా చాలామంది నమ్మకం. ఈ అభిప్రాయంలో నిజం లేకపోలేదు. కాని దాన్ని ఒప్పుకునే ముందు ఒక చిన్న ప్రశ్న అడ్డం వస్తుంది. మనం ప్రేమించిన ఆ పాతది ఏది? తీసినవాడు తీసినదా, మన హాల్లో తెర మీద ఆడినదా, ఇన్నేళ్ళుగా మన తలలో ఆడుతూ వస్తున్నదా? ఈ మూడూ ఒకటేనన్న ధీమాతోనే అందరం మాట్లాడుతుంటాం. అవి ఒకటి కావని చేతులారా తెలిసిన మనిషి ఒకడున్నాడు. అతడు ఈ విషయం ముప్ఫై మూడేళ్ళపాటు ఎవరితోనూ అనలేదు.

అతణ్ణి అందరూ ఆపరేటరనే పిలుస్తారు. ఒకే హాల్లో, మేడమీది ఒకే ఇరుకు గదిలో, రెండు ప్రొజెక్టర్ల మధ్య నిలబడి బతుకులో సగం గడిపినవాడు. హాలు మూతపడి పన్నెండేళ్ళు దాటింది. ఇప్పుడందులో పరుపులు నిల్వ చేస్తున్నారు. పని పోయినా పిలుపు మాత్రం అతణ్ణి వదల్లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "రోజుకు నాలుగాటలు ఆడించేవాడు ఇంటికెప్పుడొస్తాడు, ఏ పిల్ల ఒప్పుకుంటుంది?" అని నవ్వేసేవాడు. అరవై ఏడేళ్ళు వచ్చాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకుండా పోయారు, నవ్వవలసిన పనీ తప్పింది.

తాళంచెవులు చేసే దుకాణం పైన రెండు గదుల్లో ఉంటాడు. పగలంతా కింద ఆకురాయి గీకుతున్న చప్పుడు వినిపిస్తుంది. దుకాణం మూస్తే ఆ చప్పుడు ఆగుతుంది. అప్పుడు గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుంటుంది. ఆదివారాలు మేనకోడలు వస్తుంది. చనిపోయిన అక్క కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. మెట్లెక్కుతూనే "మామయ్యా, ఈ గదిలో ఈ వాసనేంటి, కిటికీ తెరిస్తే ఎవరైనా ఎత్తుకుపోతారా నిన్ను?" అని గోల చేస్తూ వస్తుంది. వెళ్ళేటప్పుడు మాత్రం మాట ఉండదు. అతడు టీ పెట్టడానికో, గిన్నె కడగడానికో లోపలికి వెళ్ళి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంటుంది. "వెళ్ళొస్తాను" అన్న మాట ఆమె నోట అతడెన్నడూ వినలేదు. ఆమె మొగుడు కూడా మొదట్లో దీనికి నొచ్చుకుని, తర్వాత అలవాటు పడ్డాడు. ఆమె స్వభావమే అంత అని అందరూ అనుకుంటారు. ఆపరేటరు ఒక్కడే అలా అనుకోలేడు.

ఆ ఆదివారం నలుగురూ కలిసి కొత్త సినిమాకు వెళ్ళారు. ఆపరేటరు, మేనకోడలు, ఆమె ఏడేళ్ళ కూతురు, వెంట గేటు మనిషి. గేటు మనిషి అంటే పాత హాల్లో టిక్కెట్లు చింపి లోపలికి పంపిన స్నేహితుడు. డెబ్బై నిండాయి. ఇప్పటికీ ఎక్కడ తలుపు కనిపించినా దాని పక్కనే నిలబడతాడు.

సినిమా పేరు 'నీటి మేడ'. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కదిలివెళ్ళి చూసిన మాయల కథ అది. చెరువు అడుగున ఒక మేడ. దాని దీపాన్ని ఎవరో ఒకరు కాపలా కాయకపోతే చెరువు ఎండిపోయి ఊరు చచ్చిపోతుంది. ఆ కాపలాకు ఒక తల్లిని పట్టుకుపోతారు. ఆమె ఇద్దరు పిల్లలూ, నోరు ఊరుకోని ఒక గాడిదా నీళ్ళలో మునిగి వెతికి, ఆమెను ఒక్క పూటకు ఇంటికి తెచ్చుకుంటారు. తెల్లవారుజామున ఆమె తిరిగి వెళ్ళక తప్పదు. ఇదే కథను ఇప్పుడు కంప్యూటర్ బొమ్మలతో, రెట్టింపు ఖర్చుతో మళ్ళీ తీశారు.

హాలు కొత్త భవనం నాలుగో అంతస్తులో ఉంది. ఆపరేటరు కూర్చోగానే అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి వెలుగు వచ్చే కంత వైపు చూశాడు. అక్కడ మనిషి లేడు.

"ఎవర్ని వెతుకుతున్నావురా? నీ అల్లుడున్నాడా అక్కడ?" అన్నాడు గేటు మనిషి.

"ఎవరూ లేరు. దానంతటదే ఆడుతోంది."

"మంచిదే. నీలా మధ్యలో కునుకు తీయదు."

"నేనెప్పుడు కునుకు తీశాన్రా?"

"తెర తెల్లబడితే జనం ఈలలు వేసింది నాకు గుర్తులేదనుకున్నావా?"

"హుష్," అంది చిన్నపిల్ల, ఇద్దరినీ చెరో చూపు చూసి.

కొత్త సినిమాలో చెప్పుకోదగినవి లేకపోలేదు. మేడ లోపలి నీటివెలుగు నిజంగానే ఊపిరాడనివ్వలేదు. పాతదాంట్లో అదంతా అట్టముక్కలూ నీలిరంగు కాగితమూ. కాని ఆ అట్టల వెనక ఏముందోనని చూసేవాడు ఊహించుకునేవాడు. ఇందులో ఊహించుకోవడానికి మూల ఒక్కటీ మిగల్చలేదు. గాడిద విషయంలో గేటు మనిషి విశ్రాంతి దాకా ఆగలేకపోయాడు. "పాత గాడిదకు నటన వచ్చురా. ఇది మిషన్లో పుట్టింది. దీనికి దురద కూడా పుట్టదు, తోకెందుకు ఊపుతుంది?"

చివరికి అందరూ ఎదురుచూస్తున్న ఘట్టం వచ్చింది. తల్లి తిరిగి వెళ్ళిపోయే తెల్లవారుజాము. పాత సినిమాలో ఈ చోటుకు గొప్ప పేరుంది. వాకిట్లో కూతురు తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుని ఉంటుంది. మరుక్షణం చెరువు మెట్లు ఖాళీగా ఉంటాయి, నీటి మీద వలయాలు. వీడ్కోలు లేదు, ఏడుపు లేదు, పాట లేదు. నీటి చప్పుడొక్కటే. ఆ కోత గురించి పత్రికల్లో రాశారు. చెప్పకుండా వెళ్ళడమే ఆ చిత్రం చెప్పిన పెద్ద మాట అని ఒక పండితుడు వ్యాసం ముగించాడు. కొత్తదాంట్లో తల్లి వెళ్ళే ముందు కూతురి జడ విప్పి, ఏడ్చి, ఆకాశం చూపించి, పాట సగం పాడి, కూతురి నుదుటిన ముద్దుపెట్టి మరీ వెళ్ళింది. మొత్తం ఎనిమిది నిమిషాలు. హాల్లో ముక్కులు చీదుకున్నారు.

మేనకోడలు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని కూర్చుంది. "అబద్ధం," అంది చిన్నగా.

ఆపరేటరు తెర వైపే చూస్తున్నాడు. అతడు ఒక్క వాక్యం కోసం వింటున్నాడు. అది రాలేదు.

ఆ వాక్యం సంగతి చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి. పాత 'నీటి మేడ' అతని హాలుకు వచ్చేనాటికి అక్క పోయి ఇరవై రోజులైంది. పిల్లకు అయిదేళ్ళు. తండ్రి ఓడల్లో పనివాడు, కబురు అందినా రావడానికి నెలలు పట్టేది. పిల్లను చూసేవాళ్ళు లేక మేనమామ తనతోపాటే మేడమీది గదికి తెచ్చుకుని, కంత ముందు ఎత్తుపీట వేసి కూర్చోబెట్టేవాడు. మొదటిరోజు మ్యాటినీలో ఆ తెల్లవారుజాము వచ్చింది. అప్పటికి దానిలో నాలుగు నిమిషాలు ఎక్కువ ఉన్నాయి. తల్లి కూతురి చిక్కుజుట్టును వేళ్ళతో విడదీస్తూ, ఏడవకుండా, రేపటి వంట సంగతి చెప్పినంత మామూలుగా చెబుతుంది. "తెల్లారేసరికి నేనుండను. నువ్వు చేసిన తప్పేం లేదు." అంతే. మిగిలిన సమయమంతా చిక్కు తీయడమే.

పిల్ల కంతలోంచి మొహం తీసి అడిగింది. "ఆ అమ్మ చెప్పింది కదా మామయ్యా. మా అమ్మ నాకెందుకు చెప్పలేదు?"

ఆమె తల్లి చెప్పడానికి ప్రయత్నించింది. ఆసుపత్రిలో రెండురోజులు పిల్లను తెమ్మని అడుగుతూనే ఉంది. పిల్ల భయపడుతుంది, తల్లిని ఆ గొట్టాల మధ్య చూసి ఝడుసుకుంటుంది అని తీసుకెళ్ళనివ్వనిది తమ్ముడే. మూడోరోజు అడగడానికి ఆమెకు గొంతు లేదు. పిల్లతో "అమ్మ మందుకోసం వెళ్ళింది" అన్నదీ అతడే. అయిదేళ్ళ పిల్ల వేసిన ప్రశ్నకు జవాబు అతని దగ్గర ఉంది. కాని రీలు మార్చాలన్నట్టు అటు తిరిగాడు. మార్చవలసిన వేళ కాలేదని అతనికి తెలుసు.

మర్నాడు మొదటి ఆటకు ముందు ఆ రీలు విప్పి బల్ల మీద పరిచాడు. ఫిల్ము కోయడం తేలిక, తెలియకుండా కోయడం కష్టం. బొమ్మకూ దాని శబ్దానికీ ఫిల్ము మీద ఇరవై గళ్ళ ఎడం ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ తెంపితే ఒకరి పెదాల మీద మరొకరి మాట పడుతుంది. అందుకని రెండు వైపులా ఒకే చప్పుడున్న చోటు వెతకాలి. అతడు గంటసేపు వెతికి, ఇటూ అటూ నీటి చప్పుడు తప్ప ఇంకేమీ లేని చోటు పట్టుకున్నాడు. మూడువందల అరవై అడుగులు తీసేసి, అంచులు గీకి, జిగురు రాసి అతికాడు. పండితులు మెచ్చుకున్న ఆ గొప్ప నిశ్శబ్దం ఒక భయపడ్డ మనిషి పనితనం.

సినిమా అరవై రెండు రోజులాడింది. పిల్ల దాదాపు రోజూ చూసింది. ఒక్కసారి చూసినదాన్ని వందసార్లు చూసినది చెరిపేసింది. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

రీళ్ళ పెట్టెలు తిరిగి పంపే ముందు ముక్కను యథాస్థానంలో అతకడం ఆపరేటర్ల ధర్మం. లారీ సాయంత్రం వస్తుందన్నది పొద్దున్నే వచ్చి పట్టుకుపోయింది. ముక్కను వెనకే పంపవచ్చు. పంపితే ఎందుకు తీశావని అడుగుతారు. రేపు పంపుదాం అనుకున్నాడు, ఆ రేపు జరుగుతూ పోయింది. కొన్నేళ్ళకు ఆ ఫిల్ము పుల్లటి వాసన వేసి, చుట్ట చుట్టుకుపోయి ముద్దయింది. పారేశాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం 'నీటి మేడ' టీవీలో వస్తుంటే, రీలు చివర తెర మూలన తాను సూదితో గీసిన చిన్న ముక్కోణం కనిపించింది. ఆపరేటర్లు రీలు మార్పు కోసం ఎవరి గుర్తు వాళ్ళు గీసుకుంటారు. అది తనదే. అసలు నెగటివు తడిసి పాడైపోగా, మిగిలిన ప్రింట్లలో శుభ్రమైనదని దీన్నే తీసుకున్నారన్నమాట. ఇక లోకానికి 'నీటి మేడ' అంటే అతడు మిగిల్చినదే. మొదటిరోజు ఇక్కడా, వేరే ప్రింట్లతో ఇతర ఊళ్ళలోనూ పూర్తిగా చూసినవాళ్ళు కూడా టీవీలో చూశాక తమ జ్ఞాపకాన్నే అనుమానించి దిద్దుకున్నారు. కొత్తగా తీసినవాళ్ళకు ఏ పాత కాగితాల్లోనో వీడ్కోలు ఘట్టం ఉందని తెలిసి ఉంటుంది, మాటలు దొరికి ఉండవు. అందుకే ఎనిమిది నిమిషాలు ఏడ్చారు. పాతదే గొప్పదని అతడూ ఒప్పుకుంటాడు. అయితే గొప్పదైన ఆ పాతదాన్ని అతని హాల్లో, తనతో కలిపి, పట్టుమని వెయ్యిమంది కూడా చూడలేదు.

ఆట అయ్యాక నలుగురూ కిందికి దిగి టీ తాగారు. గేటు మనిషి ఇంకా శాంతించలేదు.

"అసలావిడ అలా మాయమైతే కదా అందం! ఒళ్ళో పిల్ల, ఇటు చూస్తే నీళ్ళు. ఆ తీసినాయన మొనగాడు. ఒక్క కోతతో గుండె కోశాడు. అవునా కాదా, చెప్పు?"

"నువ్వెప్పుడు పూర్తిగా చూశావురా దాన్ని?" అన్నాడు ఆపరేటరు.

"చూడకపోతే ఏం? తలుపు సందులోంచి ముక్కలుముక్కలుగా చూశా. మొత్తం కలిపితే రెండుసార్లవుతుంది."

గేటు మనిషి చిన్నపిల్లను కదిలే మెట్లు ఎక్కించడానికి తీసుకువెళ్ళాడు. ఎక్కడానికి ఆమెకన్నా అతనికే ఎక్కువ ఉబలాటం. బల్ల దగ్గర మేనమామా మేనకోడలూ మిగిలారు.

"రేపు పొద్దున్న అయిదు బస్సుకి వెళ్తున్నా మామయ్యా. అద్దాల ఫ్యాక్టరీలో ట్రైనింగ్. నాలుగు నెలలు."

"పాపకి చెప్పావా?"

"చెప్పను. ఆయనుంటారు, అత్తయ్య ఉంటుంది. లేచేసరికి నేనుండను. చెబితే ఏడుస్తుంది, నా కొంగు వదలదు. ఓ రెండ్రోజులు వెతుక్కుంటుంది, సర్దుకుంటుంది. నేను సర్దుకోలా?"

"నువ్వు..." అన్నాడతడు.

"ఆ పాత సినిమా నాకు నేర్పింది అదే కదా. వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్ళరు. చెప్పేవాళ్ళంతా ఇవాళ చూశాంగా, నాటకం." ఆమె నవ్వింది. "ఏంటి అలా చూస్తావ్? టీ చల్లారిపోతోంది, తాగు."

అతడు కప్పులు చెత్తబుట్టలో వేయడానికి లేచాడు. తిరిగి వచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు. కదిలే మెట్ల దగ్గర గేటు మనిషి ఒంటరిగా నిలబడి, "పిల్లని లాక్కుపోయింది, నన్నొక్కణ్ణే పైకీ కిందికీ తిరగమంటావా?" అని అరుస్తున్నాడు.

గదికి వచ్చి ఆపరేటరు చాలాసేపు కూర్చున్నాడు. ఆదివారం కాబట్టి కింద ఆకురాయి చప్పుడు కూడా లేదు. చెప్పకపోతే ఏమవుతుందో అతనికి స్పష్టంగానే కనిపిస్తోంది. నాలుగు నెలల తర్వాత ఆమె వస్తుంది, ఆదివారాలు యథాప్రకారం సాగుతాయి, ఆ చిన్నపిల్ల ఒకనాటికి ఎవరి ఇంట్లోంచో మాట లేకుండా లేచి వెళ్ళిపోవడం నేర్చుకుంటుంది. చెబితే ఏమవుతుందో కూడా కనిపిస్తోంది. తన మెట్లెక్కే ఒకే ఒక మనిషి ఆ మెట్లెక్కడం మానేయవచ్చు. పిల్ల మేలు కోరి చేశానని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్న మాటను ఒకసారి తిప్పి చూశాడు. అది నిలబడలేదు. పిల్ల ఏడుపును తప్పించలేదు, తాను జవాబు చెప్పడాన్ని తప్పించుకున్నాడు. ఈ రెంటికీ తేడా తెలియడానికి ముప్ఫై మూడేళ్ళు అక్కర్లేదు. ఒప్పుకోవడానికి పట్టాయి.

ఆరున్నరకు ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె వెనక గదిలో పెట్టె సర్దుతోంది. పాప ముందుగదిలో నాన్నతో కలిసి గాడిద బొమ్మ గీస్తోంది. అతడు తలుపు దగ్గరగా వేశాడు.

"ఏంటి మామయ్యా, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. కూర్చో అమ్మడూ."

"సర్దుతూ వింటా, చెప్పు."

"కూర్చో."

ఆమె కూర్చుంది. అతడు వరసగా చెప్పాడు. కోత ఎవరిదో, ఎన్ని అడుగులో, ఎందుకో. తీసేసిన చోట ఆ తల్లి ఏం చెప్పిందో ఆ రెండు వాక్యాలూ అలాగే చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు. "నాకు తెలుసు ఆ సినిమా. నీకన్నా బాగా తెలుసు," అంది. పెట్టెలోంచి ఒక చీర చేతిలోకి తీసుకుంది. "ఆ దువ్వెన ఎర్రదా?" అని అడిగింది.

"దువ్వెన లేదు తల్లీ. ఆవిడ వేళ్ళతోనే తీస్తుంది."

"మరి నాకు ఎర్ర దువ్వెన గుర్తొస్తోందేంటి?"

"అది మీ అమ్మది," అన్నాడతడు. ఆసుపత్రి సంగతి కూడా అప్పుడే చెప్పాడు. అక్క ఎన్నిసార్లు అడిగిందో, తాను ఎన్నిసార్లు వద్దన్నాడో, మూడోరోజు ఏమైందో. "నీకు భయమేస్తుందని అన్నాను. భయపడింది నేను. మీ అమ్మ చెప్పకుండా వెళ్ళలేదు. చెప్పనివ్వలేదు నేను."

పక్కగదిలో పాప, గాడిదకు ఎన్ని కాళ్ళు వేయాలో నాన్నతో వాదిస్తోంది. మేనకోడలు చేతిలోని చీర మడత విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ విప్పింది.

"ఇవాళెందుకు చెప్తున్నావ్?" అంది చివరికి. గొంతులో కోపం పైకి తేలలేదు, అడుగున ఉంది. "నువ్వు చచ్చేలోగా నీ బరువు దింపుకుందామనా?"

"కాదు. అయిదు బస్సు ఉందని."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత, "ఇంక వెళ్ళు మామయ్యా," అంది. అతడు లేచాడు. ముందుగదిలో పాప తన బొమ్మ చూడమంది. చూసి, బాగుందని చెప్పి వచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మొగుడు ఫోన్ చేశాడు. ఆమె అయిదు బస్సుకు వెళ్ళలేదట. పాప లేచేదాకా ఆగి, పక్కన కూర్చుని చెప్పి, ఎనిమిది బస్సుకు వెళ్ళిందట. "గంట ఏడ్చిందండీ పాప. గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చింది. తర్వాత అన్నం తింది." ఫోన్ పెట్టేసే ముందు, "మీ గురించి మాత్రం ఏమీ మాట్లాడొద్దంది," అన్నాడు.

గేటు మనిషి వారం తర్వాత వచ్చి, పాత 'నీటి మేడ' గురించి పత్రికవాళ్ళెవరో నీ చేత చెప్పించుకోవాలనుకుంటున్నారు, నా పేరు కూడా వేయించు అని పోరుపెట్టాడు. ఆపరేటరు పత్రికవాళ్ళకు ఏమీ చెప్పలేదు. లోకం ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటే మెచ్చుకోనివ్వాలని నిర్ణయించుకున్నాడు. అసలు సంగతి తెలియడం వల్ల లోకానికి ఒరిగేదేమీ లేదు. తెలియవలసిన మనిషికి తెలిసింది.

ఆమె ట్రైనింగ్ ముగిసి వచ్చిందని మొగుడే చెప్పాడు. ఆపరేటరు వాళ్ళింటికి వెళ్ళలేదు, క్షమించమని కబురు పంపలేదు, ఆదివారాలు ఎదురుచూడడం మానలేదు. మేనకోడలు తన మెట్లెక్కడమా, ఆమె కూతురికి ఆ రెండు వాక్యాలు దక్కడమా అని ఎదురైనప్పుడు అతడు రెండోదాన్ని ఎంచుకున్నాడు. మొదటిదాన్ని వదులుకోవలసి వస్తుందని తెలిసే ఎంచుకున్నాడు. ఇది రాసేనాటికి ఆమె రాలేదు.